చిత్తరువులందు జయమాలిక

ముఖమును గీయుట చిత్రకారుని పని. ఆ ముఖమున కే గౌరవచిహ్నము తగునో నిర్ణయించుట సంఘము పని. హైదరాబాదు పాతనగరమున మూసీనది దక్షిణపు టొడ్డున నున్న సాలార్‌జంగు ప్రదర్శనశాలలో పాశ్చాత్యుల శిల్పములును, దక్కను చిత్తరువులును ఒక్కచోటనే చూడవచ్చును. రెండింటిని జూచినవారికి ఈ విషయము స్ఫురింపక మానదు.

పాశ్చాత్యులకు లారెలు ఆకుల దండ ఘనతకు గుర్తు. గ్రీకులు దానిని అపోలో దేవుని వృక్షముగా నెంచి, డెల్ఫీ పందెములందు గెలిచినవారి తలపై నుంచిరి. రోమను సేనానులు విజయోత్సవములందు ధరించిరి. జూలియస్ సీజరు తన బట్టతలను కప్పుకొనుటకు దాని నెల్లప్పుడు ధరించెడివాడని సూటోనియసు వ్రాసెను. 1341లో పెట్రార్కు కవికి రోమునగరమున ఆ గౌరవము దక్కెను. 1804లో నెపోలియను పట్టాభిషేకవేళ బంగారు లారెలు ఆకుల కిరీటము దాల్చెను.

దక్కను చిత్రకారుల పద్ధతి వేరు. గోలకొండ సుల్తానులకు తలవెనుక కాంతివలయమును, చేత పుష్పమును గీసిరి. నిజాముల చిత్తరువులందు తలపాగపై సర్పేచు మెరయుచుండును. తెలుగుకవికి గౌరవము తలపై గాక పాదమునకు జరిగినది: అల్లసాని పెద్దనకు కృష్ణదేవరాయలు స్వయముగా గండపెండేరము తొడిగెనని ప్రతీతి.

లారెలు మనదేశమునకు రాకపోలేదు. ఈస్టిండియా కంపెనీవారు 1835లో ముద్రించిన రూపాయిపై విలువచుట్టును ఆ దండయే యున్నది. శిస్తు చెల్లించు రైతు పరుల జయచిహ్నమును తన చేతులతోనే లెక్కించి యిచ్చెను. అతని కది వట్టి ఆకుల తీగ. హైదరాబాదు టంకశాల మహబూబ్ అలీ ఖాన్ కాలమున తన రూపాయిపై చార్మినారును ముద్రించెను. దానిని పోల్చుకొనుటకు అక్షరజ్ఞాన మక్కరలేదు. పాతనగరపు వంటవాడు దేగిసాలో వేయు బిరియానీ ఆకు లారెలునకు జ్ఞాతియే యైనను, అందు జయమును జూచువా డెవడు?

మరియొక సంగతి. మన యిండ్లలో దండ మెడలో పడినచో సన్మానము. పటమునకు పడినచో ఆ మనుష్యుడు గతించెనని యర్థము. జీవించియున్న పెద్దమనుష్యుని చిత్తరువుచుట్టు ఆకుల దండ గీయించినచో, చూచిన ముత్తైదువ గుండె జల్లుమనును. పాశ్చాత్యునికి జయమైనది మనకు అమంగళ మగును.

పురమందిరములకును, పాఠశాలలకును మహనీయుల చిత్తరువులు వ్రాయించు దాత లీ భేదమును గమనింపవలెను. పరదేశపు గుర్తు నిషిద్ధమని మా వాదము గాదు. గౌరవించు ప్రజలకే అర్థము గాని గౌరవము, పటమున కలంకారమే గాని మనుష్యునికి కీర్తి గానేరదు.