చుట్ట పొగ.. చూపునకు సెగ

శ్రీకాకుళం: పొగ తాగితే క్యాన్సర్ వస్తుందని చుట్ట కాల్చేవారికీ తెలుసు. చూపు పోతుందని మాత్రం ఎక్కువ మందికి తెలియదు. మన సిగరెట్ పెట్టెలపై క్యాన్సర్, మరణం గురించిన హెచ్చరికలే తప్ప కంటి ఊసు కానరాదు. ఆస్ట్రేలియాలో 2006లోనే అంధత్వం ముప్పును పెట్టెలపై బొమ్మతో సహా ముద్రించారు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు మహిళలు నిప్పును నోటి లోపల ఉంచి పీల్చే అడ్డపొగ వల్ల అంగిలి క్యాన్సర్ వస్తుందని వైద్యులు ఏనాటి నుంచో హెచ్చరిస్తున్నారు. పొగాకు విషాలు రక్తంలో కలిసి కంటికీ చేరుతాయి. కాడ్మియం కంటి కటకంలో పేరుకుంటుంది, శుక్లం త్వరగా ముదురుతుంది. శుక్లమైతే శస్త్రచికిత్సతో తీరిపోతుంది. అసలు చిక్కు రెటీనాతోనే. దాని నడుమ ఉండే మాక్యులా క్షీణిస్తే పక్కన ఉన్నవి కనిపించినా ఎదుటి మనిషి ముఖం మసకబారుతుంది. పొగతాగేవారికి ఈ వ్యాధి ఐదున్నరేళ్ల వరకు ముందుగానే రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెల్లడించింది. ఇలా పోయిన చూపును కళ్లజోడు తిరిగి తేలేదు. వయసు మీద పడింది కదా అని ఇంటివారు సరిపెట్టుకోవడమే విచారకరం.

పొగకు మద్యం తోడై, సరైన తిండి లేనివారికి కంటినరం దెబ్బతినే ప్రమాదమూ ఉంది. నొప్పి ఉండదు. రెండు కళ్లలోనూ చూపు మెల్లగా తగ్గుతూ, ఎరుపు రంగు వెలసినట్లు కనిపిస్తుంది. ఆ దశలోనే రెండు అలవాట్లూ మాని, వైద్యుల సలహాపై బి12 వంటి విటమిన్లు వాడితే చూపు కోలుకునే అవకాశం ఉంది. జాప్యం చేస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది. మానలేకపోతున్నవారు 1800-11-2356 ఉచిత నంబరులో సలహా పొందవచ్చు.