జానతో కొలిచి మార్కులేస్తారా?

పదో తరగతి పరీక్షలు దగ్గర పడేసరికి ఏటా ఒక మాట ఊరూరా తిరుగుతుంది. పేపరు దిద్దేవాళ్లకు చదివే తీరిక ఉండదట. జవాబు ఎంత పొడుగుందో జానతో కొలిచి మార్కులేస్తారట. పెద్ద ప్రశ్నకు మూడు పేజీలు తగ్గితే గోవిందా అట. ఒకప్పుడు ట్యూషన్ అరుగుల మీద వినిపించిన ఈ మాట ఇప్పుడు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతోంది.

నవ్వి ఊరుకోవచ్చు గానీ, దీని దెబ్బ పరీక్ష హాలుతో ఆగడం లేదు. పరీక్షలో పేజీలు కావాలంటే ముందు నోటుబుక్కులో కావాలి కదా. అందుకని మూడో తరగతి పిల్లకు అరపేజీ, ఆరుకు పేజీ, తొమ్మిదికి రెండు, పదికి మూడు. విషయం మాత్రం అందరికీ ఒకటే: గ్రంథాలయాల వల్ల ఉపయోగాలు. పిల్లల స్థాయిని బట్టి రాతపని ఇవ్వడమంటే ఇదేనని నమ్మే బళ్లు కోకొల్లలు.

ఆ మూడు పేజీలు ఎలా నిండుతాయో చూడండి. మొదట ప్రశ్న మొత్తం మళ్లీ రాస్తారు, రెండు లైన్లు సరి. ‘ఉపోద్ఘాతం’ అని శీర్షిక, కింద స్కెచ్ పెన్నుతో రెండు గీతలు, ఆపైన ఒక లైను ఖాళీ. గ్రంథాలయాలు మనకు ఎంతో ఉపయోగపడతాయి. తర్వాతి వాక్యంలో వాటివల్ల ఎన్నో ఉపయోగాలున్నాయి. లైనుకు ఐదు మాటలు మించకుండా అక్షరాలు ఎడంఎడంగా పడతాయి. ‘ముగింపు’ దగ్గరికొచ్చేసరికి ఉపోద్ఘాతమే వేషం మార్చుకుని దిగుతుంది. ఇంతా చేసి ఆ పిల్ల ఎప్పుడైనా ఏ గ్రంథాలయం గడపైనా తొక్కిందా, అక్కడ ఏం చదివింది? ఒక్క ముక్క ఉండదు. ఎవరూ అడగలేదు, తను రాయలేదు.

ఇక వాస్తవం. స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లే టీచర్ల చేతికి ముందుగా మూల్యాంకన సూత్రాలు అందుతాయి. ఏ జవాబులో ఏ అంశాలుండాలి, దేనికెన్ని మార్కులు అన్నది వాటిలోనే ఉంటుంది. దిద్దిన కట్టల్లోంచి కొన్ని పేపర్లు తీసి చీఫ్ ఎగ్జామినర్ మళ్లీ చూస్తారు. అనుమానమున్నవాళ్లు రీవెరిఫికేషన్‌కు డబ్బు కట్టి జవాబుపత్రం నకలు తెప్పించుకోవచ్చు. పేజీకి ఇన్ని మార్కులన్న లెక్క వీటిలో ఎక్కడా లేదు.

అయితే, ఇష్టం లేకపోయినా ఒకటి ఒప్పుకోక తప్పదు. పొడుగుకు మార్కులు అసలే పడవని ప్రమాణం చేసి చెప్పలేం. 2005లో అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్‌ఏటీ పరీక్షలో వ్యాసం ప్రవేశపెట్టినప్పుడు, ఎంఐటీలో రచన బోధించే లెస్ పెరెల్మాన్ మార్కులు పడిన నమూనా వ్యాసాలు సేకరించి చూశాడు. చదవకుండా కేవలం పొడుగు చూసి మార్కు చెప్పినా పదింట తొమ్మిది సార్లు సరిపోతుందని ఆయన లెక్క తేలింది. తర్వాత ఆ వ్యాసాన్ని 2016లో ఐచ్ఛికం చేశారు, 2021లో తీసేశారు. మన దగ్గరా రోజంతా కట్టలు దిద్దే మనిషికి కళ్లు అలుస్తాయి. నిండుగా కనిపించిన పేపరుకు అర మార్కు ఎక్కువ పడితే పడి ఉండొచ్చు. కానీ ఆ ఎస్‌ఏటీ కథలోంచి బుద్ధి తెచ్చుకోవాల్సింది పరీక్ష పెట్టేవాళ్లు. చెప్పడానికేదైనా ఉన్న పిల్ల సహజంగానే నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తుంది. దాన్ని తిరగేసి, ఎక్కువ రాయిస్తే చెప్పడానికేదో పుట్టుకొస్తుందనుకుంటే పుట్టేది ఊకదంపుడే.

తరగతితో పాటు పెరగాల్సినవి పిల్లలు తమంతట తాము తేల్చుకోవాల్సిన సంగతులు: ఎవరికి రాస్తున్నాం, ఏది ముందు చెప్పాలి, ఏది వదిలేయాలి. సర్కారు బళ్లలో పోసే రాగిజావనే తీసుకోండి. రెండో తరగతి పిల్లవాడు బొమ్మ గీసి, తాగితే ఎలా ఉందో ఒక్క వాక్యం రాస్తే చాలు. “జావ మూతికి మీసం పెట్టింది” అని రాశాడా, మూడు పేజీల గ్రంథాలయం దాని ముందు దిగదుడుపే. ఐదో తరగతికి వచ్చేసరికి, వంట చేసే అక్కను అడిగి తెలుసుకుని, ఎన్నడూ జావ కాచనివాళ్లు కూడా కాచగలిగేలా ఎనిమిది వాక్యాల్లో వరుసగా రాయాలి. పిండిని ముందు చన్నీళ్లలో కలుపుకోవాలన్న ముక్క మరిచిపోతే జావ ఉండలు కడుతుంది. ఆ తప్పు టీచరు పట్టుకోనక్కర్లేదు, పక్క బెంచీ పిల్లే పట్టుకుంటుంది.

ఎనిమిదో తరగతి వాళ్లు జావ పారబోసే ముగ్గురు తోటివాళ్లతో మాట్లాడి, వాళ్ల కారణాలు కుదించి ఒక్క పేరాలో చెప్పాలి, తమ అభిప్రాయం కలపకుండా. ఆ చివరి షరతుతోనే తంటా అంతా. పదో తరగతికి హెడ్‌మాస్టరుకు 150 పదాల లేఖ: ఒకే ఒక్క మార్పు అడగాలి, ఆయన చెప్పబోయే అభ్యంతరం ముందే ఊహించి దానికి జవాబూ ఇవ్వాలి. డిగ్రీలో రాగుల పోషక విలువల మీద రెండు చోట్ల చదివి, ఆ రెండూ ఎక్కడ కలవడం లేదో చూపాలి. పదో తరగతి లేఖ ఒక్క పేజీ మించదు. మూడు పేజీల వ్యాసం బట్టీ పట్టిన పిల్లను ఇది రాయమని కూర్చోబెట్టండి, చెమటలు పడతాయి.

ఇది నా సొంత కవిత్వం కాదు. అమెరికాలో 4 నుంచి 12 తరగతుల పిల్లల రాత గురించి కార్నెగీ కార్పొరేషన్ కోసం 2007లో స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ ఇచ్చిన నివేదిక పనికొచ్చే పద్ధతులు 11 ఏరింది. ప్రణాళిక వేసుకోవడం, సవరించుకోవడం విడమరిచి నేర్పడం, చదివినదాన్ని కుదించి రాయించడం, జట్టుగా రాయించడం, ఈ రాతతో ఏం సాధించాలో ముందే స్పష్టంగా చెప్పడం వాటిలో ఉన్నాయి. పేజీలు పెంచమని ఆ జాబితాలో లేదు.

చిత్రమేమిటంటే, మన ఎస్సీఈఆర్టీ తెలుగు వాచకాలు ఇందులో సగం దారి ఎప్పుడో నడిచేశాయి. ‘వ్యక్తీకరణ-సృజనాత్మకత’ కింద లేఖ, కరపత్రం, సంభాషణ, ఇంటర్వ్యూ ప్రశ్నలు అన్నీ ఉన్నాయి. మనమేం చేశాం? వాటికీ గైడులో రెడీమేడ్ జవాబులు అచ్చేయించుకుని, శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఒకే కరపత్రం పంచుకుంటున్నాం. సృజనాత్మకతను బట్టీ పట్టించిన ఘనత మనకే దక్కుతుంది.

చిల్లర అపోహలు ఇంకొన్ని ఉన్నాయి. గుణింతాలు, వత్తులు పూర్తయ్యేదాకా సొంతంగా రాయించకూడదట. మరి మాటలన్నీ వచ్చేదాకా పిల్లల్ని మాట్లాడనివ్వకుండా ఉన్నామా? ఇంపొజిషన్‌తో రాత బాగుపడుతుందట. బాగుపడేది రాతంటే ఉన్న విసుగు. ఇంజినీరింగుకొచ్చాక అసైన్‌మెంట్లు ఎలాగూ ఒకరిది చూసి ఒకరు ఎక్కిస్తారట. ఐదు ప్రశ్నలూ పాఠ్యపుస్తకంలోంచే ఎత్తిస్తే ఎక్కించక ఏం చేస్తారు? ఇంట్లో మాట్లాడే మాట వ్యాసంలోకి రాకూడదట. స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని కావ్యభాషలోనైనా ఆధునిక భాషలోనైనా రాసుకోవచ్చని గిడుగు రామమూర్తి కాలంలో, 1912లోనే, ఉత్తర్వు వచ్చింది. రెండేళ్లకే, 1914లో, అది రద్దయింది. ఆ రద్దు ఇంకా అమల్లోనే ఉన్నట్టు ఎర్రసిరా కలం ఝళిపిస్తున్న వాళ్లున్నారు.

ఏఐ వచ్చింది కాబట్టి ఇంటిపని దండగ అన్నది కొత్త పాట. ఏఐ రాసింది పట్టిస్తామనే యంత్రాలను నమ్ముకోకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ తన సొంత పరికరాన్నే సరిగా పట్టడం లేదని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. దానికి బదులు ఇచ్చే పని మార్చండి: మీ బడి వంట అక్క నిన్న ఏం చెప్పిందో ఏఐకి తెలియదు. గ్రంథాలయాల ఉపయోగాలు మాత్రం దానికి కొట్టినపిండి.

“యాభైమంది నోటుబుక్కులు ఎవరు దిద్దుతారండీ?” అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్ని తప్పులూ దిద్దకండి. వ్యాకరణ తప్పులు దిద్దడం వల్ల పరభాషలో రాసే విద్యార్థులకు మేలే లేదని 1996లో జాన్ ట్రస్కాట్ వాదిస్తే మొదలైన గొడవ చాలా ఏళ్లు సాగింది. అంత దూరం మనం పోనక్కర్లేదు. ఈసారి చూసేది ఒక్క అంశమేనని, వరుస గానీ కారణం గానీ మొదటి వాక్యం గానీ, రాయించే ముందే పిల్లలకు చెప్పండి. తెచ్చినదాన్ని క్లాసులో పది నిమిషాలు పక్కవాళ్లతో చదివించండి. మార్జిన్‌లో ఒక్క ప్రశ్న వేసి, ఆ పేరా మటుకే తిరిగి రాయమనండి. మార్కు తిరిగి రాసినదానికి వేయండి.

సాయంత్రం నోటుబుక్కు తెరిచి పేజీలు లెక్కపెట్టే అమ్మానాన్నలూ ఒక పని చేయొచ్చు. రాసింది పైకి చదివి వినిపించమనండి. ఎక్కడో ఒకచోట పిల్ల తనే ఆగి, “ఇది ఇందాకే రాసేశాను” అంటుంది. కొట్టేయనివ్వండి. మర్నాడు కొట్టివేతలున్న నోటుబుక్కు పట్టుకుని టీచరు మీదికి పోట్లాటకు మాత్రం వెళ్లకండి.