ఖరీదైన కరెంటు పనిముట్లు – కొనదగినవేనా?



నేటి యుగంలో పని చేసే చేతికి యంత్రం తోడయింది. ఒకప్పుడు గోడకు రంధ్రం పెట్టాలంటే ఉలి, సుత్తి పట్టుకుని అరగంట కొట్టేవారు. ఇప్పుడు అరనిమిషంలో డ్రిల్లింగ్ మిషను ఆ పని చేస్తున్నది. మన వసతి గృహంలో చదివి బయటకు వెళ్ళినవారిలో ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, వడ్రంగులు ఎందరో ఉన్నారు. ఐ.టి.ఐ. చదువుతున్న మేము కూడా రేపు ఆ దారినే వెళ్ళేవాళ్ళం. చేతికి సర్టిఫికెట్టు వచ్చిన మరునాడే మన ముందుకు వచ్చే ప్రశ్న ఇది: పేరున్న కంపెనీ మిషను కొనాలా? దానిలో సగం ధరకు కూడా రాని లోకల్ మిషను కొనాలా? మొదటి మిషను చాలామంది అప్పు చేసే కొంటారు. కనుక ఈ ప్రశ్నకు జవాబు ముందుగానే తెలుసుకోవడం మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాము.

కొద్దిగా చరిత్ర

చేతితో పట్టుకుని వాడే విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఫైన్ కంపెనీ తయారు చేసింది. అది చాలా బరువైనది. అమెరికాలో 1910లో మొదలైన బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ తుపాకీ వంటి పిడి, వేలితో నొక్కే స్విచ్చు ఉన్న డ్రిల్లుకు 1917లో పేటెంటు పొందింది. నేడు మనం చూసే డ్రిల్లులన్నీ ఆ రూపంలోనివే. 1886లో స్టుట్‌గార్ట్‌లోనే మొదలైన బాష్, 1915లో జపానులో మొదలైన మకీటా, 1941లో లీచ్‌టెన్‌స్టెయిన్ అనే చిన్న దేశంలో మొదలైన హిల్టీ ఈ రంగంలో పేరున్న ఇతర కంపెనీలు.

ఎక్కువ ధర దేనికి?

కరెంటు వైరుతో నడిచే డ్రిల్లు, గ్రైండరు, మార్బుల్ కట్టరు చాలా వరకు ఒకే రకం మోటారుతో నడుస్తాయి. దానిని యూనివర్సల్ మోటారు అంటారు. లోపల తిరిగే ఆర్మేచరు, దాని చుట్టూ ఫీల్డు కాయిలు, ఆర్మేచరుకు కరెంటు అందించే రెండు కార్బన్లు, వేగాన్ని మార్చే గేర్లు ఉంటాయి. చౌక మిషనులోను, ఖరీదైన మిషనులోను ఉండేవి ఇవే. తేడా వాటి నాణ్యతలో ఉంటుంది.

1. మంచి మిషనులో కాయిలు వైండింగుకు వాడే రాగి తీగ, దాని మీది వార్నిష్ ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. చౌక మిషన్లు తరచుగా కాలిపోయేది ఇక్కడే.

2. మంచి మిషనులో బేరింగులు దుమ్ము చొరకుండా మూసి ఉంటాయి. గోడకు గాడి కొట్టేటప్పుడు లేచే సిమెంటు దుమ్ము బేరింగుకు పెద్ద శత్రువు.

3. గేర్లు గట్టిపరచిన ఉక్కుతో చేసి ఉంటాయి. పళ్ళు త్వరగా అరగవు.

4. విడిభాగాలు దొరుకుతాయి. ఇది పైకి కనిపించని లాభం. ఐదేళ్ళ తరువాత స్విచ్చు పోయినా అదే నంబరు స్విచ్చు తెచ్చి వేయవచ్చు. పేరు లేని మిషనుకు ఆ భరోసా లేదు.

అయితే మిషను మీద రాసిన వాట్లను చూసి మోసపోకూడదు. ఆ వాట్లు మిషను తీసుకునే కరెంటును తెలుపుతాయి, చేసే పనిని కాదు. పైగా కొన్ని చౌక మిషన్ల మీద ఉన్నదానికంటే ఎక్కువ రాస్తారు.

కొన్నిచోట్ల ఎక్కువ ధరకు మన్నికే కాదు, వేరే యంత్రాంగమే వస్తుంది. మామూలు హేమర్ డ్రిల్లులో పళ్ళున్న రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారుతూ దెబ్బ కొడతాయి. మనం ఎంత నొక్కితే అంత దెబ్బ. రోటరీ హేమరులో పిస్టను గాలిని అణచి, ఆ గాలి బలంతో దెబ్బ కొడుతుంది. మన భుజం మీద భారం తక్కువ. ఇటుక గోడకు మొదటిది చాలు. రోజూ శ్లాబుకు, కాంక్రీటు పిల్లరుకు రంధ్రాలు పెట్టేవారికి రెండవది అవసరం.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ కింది అంకెలు లెక్క కోసం మేము అనుకున్నవి. మీ ఊరి ధరలను బట్టి మార్చుకోవచ్చు.

లోకల్ రోటరీ హేమరు ధర 3,500 రూపాయలు, కంపెనీ మిషను ధర 8,500 రూపాయలు అనుకుందాం. ఒక ఎలక్ట్రీషియను రోజూ దానితో పని చేస్తాడు. లోకల్ మిషను ఏడాదికి రెండుసార్లు కాలిపోతుంది. ఒక్కొక్కసారి వైండింగుకు 600 రూపాయలు, రెండు రోజుల పని పోయినందుకు కూలి 1,600 రూపాయలు, మొత్తం 2,200 రూపాయలు నష్టం. కంపెనీ మిషనుకు ఏడాదికి కార్బన్ల ఖర్చు 200 రూపాయలు మాత్రమే.

సొంత డబ్బుతో కొంటే: మొదటి ఏడాది చివరికి లోకల్ మిషనుకు అయిన ఖర్చు 7,900, కంపెనీ మిషనుకు 8,700. రెండవ ఏడాది చివరికి లోకల్ 12,300, కంపెనీ 8,900. అంటే ఖరీదైన మిషనే 3,400 రూపాయలు మిగిల్చింది.

నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి కొని, రెండేళ్ళ వరకు అసలు తీర్చకపోతే: 3,500కు వడ్డీ 2,520 రూపాయలు, 8,500కు వడ్డీ 6,120 రూపాయలు. రెండేళ్ళ చివరికి లోకల్ మిషనుకు 14,820, కంపెనీ మిషనుకు 15,020. లాభమంతా వడ్డీ తినేసి, ఇంకా 200 రూపాయలు మనమే ఎదురు ఇచ్చుకున్నాం!

అదే అప్పు రూపాయి వడ్డీకి దొరికితే లోకల్‌కు 13,140, కంపెనీకి 10,940. మళ్ళీ 2,200 రూపాయలు లాభం.

ఇక నెలకు నాలుగు రోజులే మిషనుతో పని ఉండేవారి సంగతి చూడండి. లోకల్ మిషను రెండేళ్ళలో ఒక్కసారి కాలినా అయ్యే ఖర్చు 5,700 రూపాయలే. అటువంటి వారికి 8,500 పెట్టడం దండగ.

ఈ లెక్క మనకు చెప్పేది ఏమిటి? మిషను ఖరీదైనదా చౌకదా అన్నది దుకాణంలోని ధరను బట్టి తేలదు. అది మన చేతిలో ఎన్ని రోజులు తిరుగుతుంది, ఆగిపోతే ఎంత కూలి పోతుంది, ఏ వడ్డీ డబ్బుతో కొన్నాం అన్న మూడింటిని బట్టి తేలుతుంది.

అప్పు గురించి

నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం కింద వడ్రంగి, కమ్మరి, తాపీ పని మొదలైన 18 వృత్తుల వారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సహాయం, మొదటి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీతో రుణం ఏర్పాటు చేశారు. ఎలక్ట్రీషియను వృత్తి ఆ 18లో లేదు. అయితే అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం కూడా వడ్డీ వ్యాపారి అప్పు కంటే ఎంతో చౌక. మిషను బేరం ఆడే ముందు అప్పు బేరం ఆడాలని మా మనవి.

డబ్బుతో కొలవరానిది – ప్రాణం

నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. 100 మిల్లీమీటర్ల డిస్కు అంచు వేగం లెక్క కడితే సెకనుకు సుమారు 58 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. కొందరు డిస్కు పెద్దదైతే లోతుగా కోస్తుందని గార్డు ఊడదీసి, ఏడంగుళాల డిస్కును అదే మిషనుకు బిగిస్తారు. అప్పుడు అంచు వేగం సెకనుకు సుమారు 104 మీటర్లు. మామూలు కటింగ్ డిస్కులు సెకనుకు 80 మీటర్ల వేగం వరకే తట్టుకుంటాయి. ఆపైన డిస్కు పగిలి ముక్కలు తూటాల్లా ఎగురుతాయి. దీనికి మిషను ఖరీదుతో సంబంధం లేదు. గార్డు తీయరాదు, కళ్ళద్దాలు మరువరాదు, డిస్కు మీది గరిష్ఠ వేగం, గడువు తేదీ చూడక బిగించరాదు.

మిషను మీద చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషను ఉందని అర్థం. దానికి ఎర్తు పిన్ను అవసరం లేదు. ఆ గుర్తూ లేక, ఎర్తు పిన్నూ లేని మిషను ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోవద్దు.

మంచి మిషనునూ చెడగొట్టేవి

మన పల్లెల్లో 230 వోల్టులు రావలసిన చోట ఒక్కొక్కసారి 180 కూడా రాదు. సన్నని వైరును వంద అడుగులు లాగి పని చేసినా అదే పరిస్థితి. వేగం తగ్గుతుంది, దానితో లోపలి ఫ్యాను గాలి తగ్గుతుంది, పని సాగడం లేదని మనం ఇంకా నొక్కుతాం, కాయిలు వేడెక్కి కాలుతుంది. మొండి బిట్టుతో నొక్కినా ఇంతే. కనుక వేలు పోసి మిషను కొని, బిట్టు దగ్గర యాభై రూపాయలు మిగుల్చుకోవడం తెలివి కాదు.

బ్యాటరీ మిషన్లు

లిథియం సెల్లు ఒక్కొక్కటి 3.6 వోల్టులు. ఐదు సెల్లులు కలిపితే 18 వోల్టులు. నిండా చార్జి ఎక్కినప్పుడు అదే 20 దాటుతుంది కనుక 18 అని రాసినా, 20 అని రాసినా చాలా వరకు ఒకటే. ఐదే సెల్లులున్న బ్యాటరీ మీద 48 అని ముద్రించి అమ్మేవి కూడా ఉన్నాయి, జాగ్రత్త. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా మరొక కంపెనీ మిషనుకు పట్టదు. మొదటి బ్యాటరీ మిషను కొన్ననాడే తరువాతి మిషన్లు ఏ కంపెనీవో నిర్ణయమైపోతుంది.

కొనేవారికి మా సూచనలు

1. మనకు రోజూ అన్నం పెట్టే ఒక్క మిషను మంచిది కొనండి. ఎప్పుడో వాడేవి చౌకవి చాలు.

2. కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు వంటివి అద్దెకు తెచ్చుకోండి.

3. పేరు ఒక్కటే చూడకండి. బాష్‌లో పనివారి మిషన్లు నీలం రంగులో, ఇంటి వాడకానివి ఆకుపచ్చ రంగులో వస్తాయి. ఒకే కంపెనీ అయినా రెండూ ఒకటి కావు.

4. కొనే ముందు ఆ కంపెనీ సర్వీసు సెంటరు మనకు దగ్గరలో ఉందా, కార్బన్లు, స్విచ్చు దొరుకుతాయా అని రిపేరు షాపులో అడగండి.

5. బిల్లు, వారంటీ కార్డు లేకుండా కొనవద్దు. పేరున్న కంపెనీల నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. సగం ధరకు ఇస్తామంటే అనుమానించండి.

6. మొదటి ఏడాది చౌక మిషనుతోనే మొదలుపెట్టి, కూలిలో కొంత దాచి, వడ్డీ లేకుండా మంచి మిషను కొనడం కూడా తెలివైన పద్ధతే.

"మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి" అన్నారు పెద్దలు. మంచి మిషను కొనడం గొప్ప కోసం కాదు, లోకల్ మిషను వాడడం చిన్నతనమూ కాదు. మనం కూలి లెక్క, వడ్డీ లెక్క రెండూ రానివారి ఇళ్ళలో నుంచి చదువుకోవడానికి వచ్చాము. పదవ తరగతి లెక్కల్లో మనం నేర్చిన బారువడ్డీ పరీక్ష కోసమే అనుకోవద్దు. మొదటి మిషను కొనే రోజున కాగితం, పెన్ను తీసుకుని ఆ లెక్క వేయండి. మీ పని, మీ ఊరి కూలి, మీ అప్పు వడ్డీ వేసి చూస్తే ఏది కొనాలో ఆ కాగితమే చెబుతుంది.