రామానుజన్ విన్న రామాయణములు

అరణ్యమునకు తానును వచ్చెదనని సీత పట్టుపట్టిన ఘట్టమున అధ్యాత్మ రామాయణకర్త ఆమె నోట ఒక అపూర్వమైన వాదమును పలికించినాడు: ఇదివరకు ఎన్నో రామాయణములు వినియున్నాను, వానిలో ఏ ఒక్కదానియందైనను సీత లేకుండ రాముడు అడవికేగెనా యని ఆమె భర్తను నిలదీసినది. కథలోని నాయికయే పూర్వకథలను సాక్ష్యమునకు పిలుచు ఈ సన్నివేశమును మురిసి ఎత్తిచూపిన పండితుడు ఏ.కె. రామానుజన్.

మైసూరున 1929లో తమిళ కుటుంబమునందు జన్మించి, కన్నడమునను ఆంగ్లమునను కవిత్వము చెప్పి, షికాగో విశ్వవిద్యాలయమున చిరకాలము బోధించి, 1993లో దివంగతుడైన ఆయన వ్రాసిన ‘మూడు వందల రామాయణములు’ అను వ్యాసము 1991లో పౌలా రిచ్‌మన్ సంపాదకత్వమున వెలువడిన సంపుటమునందు చేరినది. వాల్మీకిని మూలముగా నిలిపి తక్కినవానిని దాని వికృతులుగా లెక్కించుట ఆయనకు సమ్మతము కాలేదు. కాగితమునకెక్కని పల్లెపాటకును పూర్ణగౌరవము చెల్లవలెనని ఆయన తలంపు. ఈ సమదృష్టి ఆయనకు పాండిత్యము కంటెను కవిత్వము వలననే అలవడినదని నా నమ్మకము.

అహల్యా వృత్తాంతమును ఆయన పరిశీలించిన తీరు చూడవలెను. వాల్మీకమున ఆమె మునివేషమున వచ్చినవాడు ఇంద్రుడని ఎరిగియే, కుతూహలముచేత అంగీకరించినది. శాపగ్రస్తయై గాలిని ఆహారముగా గొని, బూడిదలో పడి, ఎవరికిని కానరాక యుండినది. అక్కడ శిల ప్రసక్తియే లేదు. కంబని తమిళకావ్యమున ఆమె శిలయైనది, రామపాదధూళి సోకి లేచినది. ఇంద్రుని ఒడలెల్ల సహస్రచిహ్నములతో వికృతమై, పిదప ఆ చిహ్నములే కన్నులైనవి. ఇట్టి మార్పులకు దక్షిణదేశపు జానపద కథలలో వేళ్లున్నవని ఆయన గుర్తించెను. ఇక విమలసూరి ప్రాకృత కావ్యమున రావణుడు మహానుభావుడు, అతనిని వధించినవాడు లక్ష్మణుడు. కన్నడ జానపదుల పాటలో సీత రావణునికే పుట్టిన బిడ్డ.

ఆ సంపుటమునందే మన వెల్చేరు నారాయణరావు తెలుగు స్త్రీల రామాయణపు పాటలను గూర్చి వ్రాసినారు. మన ఇండ్లలో పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర కథను ఈ వెలుగున మరల వినుడు. పదునాలుగేండ్ల నిదుర చెదరి కన్ను తెరచిన ఆ ఇల్లాలు, ఎదుటనున్నవాడు తన మగడని ఎరుగక, పరకాంతను కోరియే కదా ఇంద్రుని ఒడలు హీనమైనది, రావణుడు నాశనమైనాడు అని మందలించును. ఆమె ఎరిగిన ఇంద్రుడు వాల్మీకి ఇంద్రుడు కాడు. కంబడు చిత్రించిన వాడే.