పండుగప్పకు గాలం వేయాలంటే: రాడ్, రీల్, లైన్ కొనేముందు

పోయిన దసరాకు మా ఇంటికి చుట్టాలంతా చేరారు. మాది యానాం. పెదనాన్నగారి పిల్లలు బరంపురంలో స్థిరపడ్డారు, మేనత్తగారిది చెన్నై, చిన్న బాబాయి నలభై ఏళ్ళుగా పుణేలోనే ఉంటున్నారు. వస్తూ వస్తూ కుర్రాళ్ళు ఇంటర్నెట్‌లో కొన్న గాలం సెట్టు ఒకటి పట్టుకొచ్చారు. పెట్టె మీద 'బాస్ కాంబో' అని పెద్ద అక్షరాలు. తొమ్మిది వేలు పోశారట. మర్నాడు తెల్లవారుజామున, గౌతమికి పోటు తగులుతున్న వేళ, గట్టు మీద నుంచి వేశారు. అరగంటకు చేప పట్టింది. ఒక్కసారి నీళ్ళలోంచి పైకెగిరి తల విదిలించింది. అంతే, దారం తేలికైపోయింది. చుట్టి చూస్తే కొస కత్తితో కోసినట్టు ఉంది.

"పండుగప్పరా అది! దాని మొప్ప మీది పలక బ్లేడులా ఉంటుంది. ఆ సన్న దారం ఆగుతుందా?" అన్నారు బాబాయి.

కుర్రాళ్ళ ముఖాలు చిన్నబోయాయి. వాళ్ళు కొన్న సామాను నాసిరకమేమీ కాదు, వేరే చేప కోసం తయారైనది. ఇప్పుడు మన ఇళ్ళలో చాలామంది పిల్లలు ఈ సరదాలో పడ్డారు కనుక, ఆ రోజు నుంచి మేము అడిగి, చూసి, డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఈ 'బాస్' సంగతి. అమెరికాలో బాస్ వేట అంటే ఎక్కువగా మంచినీటి చెరువుల్లో ఉండే లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం. మామూలుగా దొరికేది కిలో, రెండు కిలోలు. 1932లో జార్జియా రాష్ట్రంలో పట్టిన పది కిలోల పైచిలుకు చేప రికార్డుగా నిలిచింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దానికి సమానమైనది దొరికింది. అంటే ఆ జాతిలో పది కిలోలే ఆకాశం. మన దగ్గర ఆ చేప సహజంగా లేదు. కానీ అక్కడి కోసం తయారైన రాడ్లూ రీళ్ళే అదే పేరుతో ఇక్కడి దుకాణాలకు వస్తాయి.

మనకూ ఒక బాస్ ఉంది. ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్ అనేది మన పండుగప్పనే. తమిళనాట కొడువా, ఒడిశాలో భెక్టి, మహారాష్ట్ర తీరంలో జితాడా, ఆస్ట్రేలియాలో బారాముండి, అన్నీ ఇదే. బరంపురం వదినగారు చిలికా భెక్టి అనీ, బాబాయి అలీబాగ్ జితాడా అనీ చెబుతుంటే, వేరు వేరు చేపలనుకుని భోజనాల దగ్గర వాదించుకున్న రోజులు మాకు గుర్తున్నాయి. 2010లో క్వీన్స్‌లాండ్‌లోని ఒక జలాశయంలో 44 కిలోల పైన తూగింది గాలానికి దొరికింది. మన మొగల్లో మామూలుగా తగిలేది అంత కాకపోయినా, అయిదారు కిలోలది పట్టినా చేతులు నొప్పి పుడతాయి.

సామాను ఎంచుకోవడానికి ఈ చేప నడవడి తెలియాలి. ఇది మాటు వేసి వేటాడే చేప. వంతెన స్తంభాల పక్కన, మడ చెట్ల వేళ్ళ మధ్య, మునిగిన దుంగల చాటున నిలబడి, పోటుకో పాటుకో కొట్టుకొచ్చే రొయ్యనూ చిరుచేపనూ ఒక్క గుటకలో పీల్చేస్తుంది. గాలం తగిలాక ఇది మొదట చేసే పని తిరిగి ఆ వేళ్ళలోకి దూరడం. రెండో పని ఎగిరి తల విదిలించడం. దవడ లోపల గరుకు కాగితంలా ఉంటుంది, మొప్ప పలక అంచు పదును. కనుక మనకు కావలసినవి మూడు: చేపను వేళ్ళ దగ్గర నిలవేసే బలం ఉన్న రాడ్, పట్టు సమంగా వదిలే రీల్, కొసన గరుకుకు ఆగే దారం. ఈ మూడోదాన్నే అందరూ ఆఖర్న తలుచుకుంటారు. మేము మాత్రం దానితోనే మొదలుపెడతాం.

లైన్ మూడు రకాలు. మనందరికీ తెలిసిన నైలాన్ ఒకటి. చవక, ముడి బాగా నిలుస్తుంది, లాగితే సాగుతుంది. ఆ సాగడం చేప విదిలింపును కొంత తట్టుకుంటుంది గానీ, దూరాన గాలం గట్టి దవడలో దిగాల్సినప్పుడు మన లాగుడంతా ఆ సాగుడులోనే పోతుంది. ఎండకు పాడవుతుంది కూడా. నిరుటి నైలాన్‌ను ఈ ఏడాది నమ్మకండి.

రెండోది బ్రెయిడ్, అంటే సన్నని పాలిథిలిన్ పోగుల జడ. అదే బలానికి నైలాన్ కన్నా బాగా సన్నం, దాదాపు సాగదు, అందుకే దూరం పోతుంది, చేప ముట్టిన సంగతి చేతికి వెంటనే తెలుస్తుంది. కానీ పదునైన అంచుకు తగిలితే ఇట్టే తెగుతుంది. మా వాళ్ళ పెట్టెలో ఉన్నది ఇదే, కొస వరకూ ఇదే. మరో మాట, బిగిసిన బ్రెయిడ్‌ను చేతికి చుట్టుకుని లాగకండి. వేలు తెగుతుంది. చిక్కుకుంటే ఒక కర్రముక్కకు చుట్టి లాగండి.

మూడోది ఫ్లోరోకార్బన్. నీళ్ళలో అంతగా కనబడదు, మునుగుతుంది, రాపిడికి ఓర్చుకుంటుంది. ఖరీదు ఎక్కువ, బిరుసు. రీలంతా దీనితో నింపక్కర్లేదు. బ్రెయిడ్ కొసకు మీటరు, మీటరున్నర ముక్క కడితే చాలు. ఆ ముక్కనే లీడర్ అంటారు. పండుగప్పకు మేము వాడేది 30 పౌండ్ల బ్రెయిడ్, దానికి 40 పౌండ్ల లీడర్. పౌండు అంటే 450 గ్రాములు, కాబట్టి 30 పౌండ్లంటే 13 కిలోల పైన. స్తంభాల దగ్గరైతే లీడర్ 50కి పెంచుతాం. ఫ్లోరోకార్బన్ దొరక్కపోతే లావు నైలాన్ ముక్కయినా కట్టండి. లీడర్ లేకుండా మాత్రం వెయ్యకండి. ఆ దసరా ఉదయం కావలసింది ఈ మీటరు ముక్కే.

కొన్ని చుట్టల మీద పౌండ్ల బదులు 'పీఈ 1', 'పీఈ 2' అని ఉంటుంది. అది జపాను వాళ్ళ లావు కొలత. పీఈ 2 అంటే సుమారు 0.235 మిల్లీమీటర్లు. మన పనికి పీఈ 2 సరిపోతుంది. బ్రెయిడ్ రీలు గిన్నె మీద నేరుగా చుడితే జారి గిరగిర తిరుగుతుంది, కనుక అడుగున నాలుగు చుట్లు నైలాన్ వేసి దానికి ముడెయ్యండి. ఏ ముడి బిగించినా ముందు ఉమ్మితోనో నీళ్ళతోనో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

ఇక రాడ్. హ్యాండిల్ పైన చిన్న అక్షరాల్లో నాలుగు సంగతులు రాసి ఉంటాయి. దుకాణంలో ఎవరూ చదవరు, అసలు చూడాల్సింది అవే. పొడవు, పవర్, యాక్షన్, ఎంత లైనుకు ఎంత బరువు ఎరకు అన్నది. పవర్ అంటే రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలో. యాక్షన్ అంటే అది ఎక్కడ వంగుతుందో. 'ఫాస్ట్' అని ఉంటే కొస దగ్గర మాత్రమే వంగుతుంది, 'స్లో' అని ఉంటే పిడి దాకా వంగుతుంది. ఈ రెంటినీ ఒకటే అనుకుని మేము మొదట కొన్న రాడ్ చీపురుపుల్లలా ఊగుతుంది. ఇప్పుడది పెరట్లో చిక్కుడు పాదుకు ఊతం. పండుగప్పకు పవర్ 'మీడియం హెవీ', యాక్షన్ 'ఫాస్ట్' తీసుకోండి. పడవలో కూర్చుని వేస్తే ఆరున్నర అడుగులు, గట్టు మీద నుంచైతే ఏడు నుంచి ఎనిమిది అడుగులు. ఎర బరువు 10 నుంచి 30 గ్రాములు అని ఉంటే రొయ్యకూ, ప్లాస్టిక్ ఎరకూ సరిపోతుంది.

కార్బన్ రాడ్ తేలిక, చేతికి కబురు బాగా అందుతుంది, కానీ రాయికి కొట్టుకుంటే లోపల చిట్లి తర్వాత ఎప్పుడో పుటుక్కుమంటుంది. ఫైబర్ గ్లాస్ బరువు, మొండిది, చవక. చిన్నపిల్లల చేతికి ఫైబర్ గ్లాసే మేలు. రైల్లో వచ్చేవాళ్ళు రెండు ముక్కలది కొనుక్కోండి.

రింగుల విషయం ఎవరూ చెప్పరు. బ్రెయిడ్ చవకరకం రింగుల్లో గాట్లు పెడుతుంది, ఆ గాట్లు తిరిగి బ్రెయిడ్‌ను కోస్తాయి. లోపల సెరామిక్ ఉన్న రింగులు చూసుకోండి. ఇంటి దగ్గర చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లను ఒక్కో రింగు లోపల తిప్పండి. దూది పీచు చిక్కుకుంటే అక్కడ పగులున్నట్టే.

ఇంకొక మాట, ఇది మాకు గుండెలు జారిన సంగతి. అదే దసరా రోజుల్లో చిన్నవాడు ఇంటి దగ్గరే రాడ్ బిగించుకుని, భుజాన నిలువుగా పెట్టుకుని కాలవ గట్టున నడుస్తున్నాడు. పైన కరెంటు తీగలు వేలాడుతున్నాయి. తాతయ్య వెనకనుంచి "ఒరేయ్, దించు! ముందా కర్ర దించు!" అని అరిచిన అరుపుకు వీధి వీధంతా బయటికొచ్చింది. వాడికి కోపం వచ్చింది, ఇది వెదురు లాంటిదే కదా అన్నాడు. కాదు. కార్బన్ గుండా కరెంటు పారుతుంది. తడిసిన రాడ్ అయితే మరీ ప్రమాదం, హైటెన్షన్ తీగకైతే తగలక్కర్లేదు, దగ్గరకు పోయినా చాలు. రాడ్ నీటి దగ్గరకు వెళ్ళాకే బిగించండి, పైకి చూసి బిగించండి. ఉరుము వినబడితే కింద పెట్టేసి ఇంటికి రండి.

రీళ్ళలో రెండు రకాలు. గిన్నె ముందుకు చూస్తూ రాడ్ కింద వేలాడేది స్పిన్నింగ్ రీల్. రాడ్ పైన కూర్చుని, గిన్నె అడ్డంగా తిరిగేది బెయిట్‌కాస్టర్. రెండోది గురి బాగా కుదురుతుంది, బలమైనది, కానీ విసిరేటప్పుడు బొటనవేలితో గిన్నెను అదుపు చేయాలి. కాస్త ఆలస్యమైతే లైనంతా చిక్కుపడి, దాన్ని విప్పేలోగా పోటు కాస్తా అయిపోతుంది. కొత్తవాళ్ళకు స్పిన్నింగే. సైజు 3000 లేదా 4000. '5.2:1' అని ఉంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే లైన్ చుట్టే భాగం అయిదుసార్ల పైన తిరుగుతుందని అర్థం. మనకది చాలు. 'పది బేరింగులు, పన్నెండు బేరింగులు' అన్న ప్రచారానికి డబ్బు పెట్టకండి. ఉప్పునీటికి పనికొచ్చే మంచి బేరింగులు నాలుగున్నా హాయిగా తిరుగుతుంది.

రీల్లో ప్రాణం డ్రాగ్. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొద్దికొద్దిగా వదిలే ఏర్పాటు అది. లైన్ బలంలో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు దగ్గర వదలాలి. 13 కిలోల లైనుకు మూడు, నాలుగు కిలోలన్నమాట. అంచనా మీద తిప్పకండి. ప్రయాణానికి సూట్‌కేసు తూచే కొక్కెం కాటాకు లైన్ కొస కట్టి, ఒకరు రాడ్ సగం ఎత్తి పట్టుకుంటే, ఇంకొకరు కాటా లాగాలి. మూడు కిలోల దగ్గర లైన్ జారడం మొదలవ్వాలి, కుదుపు లేకుండా జారాలి. కుదుపుతో జారే రీలును దుకాణంలోనే వదిలెయ్యండి.

మరి ఆ తొమ్మిది వేల సెట్టు దండగేనా? కాదు. దాన్ని బరంపురం కుర్రాళ్ళు చెరువుల్లో కొరమీనుకు వాడుతున్నారు. తమిళంలో విరాల్, ఒడియాలో శేఉల, మరాఠీలో మరళ్ అనేది అదే. తామరాకుల్లో, నాచులో దాగి ఉండే ఆ చేపకు బాస్ సామాను, రబ్బరు కప్ప ఎరతో సహా, భేషుగ్గా పనిచేస్తుంది. సముద్రానికి దూరంగా హోసూరు, బళ్ళారి వైపు ఉన్న మనవాళ్ళకు అదే సరైన కొనుగోలు కూడా.

ఎక్కడ వేసినా ఆ చోటు ఎవరిదో కనుక్కోండి. మాకు పక్కనే ఉన్న కోరింగ అభయారణ్యంలోకి అనుమతి లేకుండా గాలంతో వెళ్ళకూడదు. చెరువులకూ జలాశయాలకూ పాటదారులో, మత్స్యకార సంఘమో ఉంటారు, అడిగితే చాలాచోట్ల కాదనరు. పండుగప్ప మొదట మగచేపగా పెరిగి, కొన్నేళ్ళకు ఆడచేపగా మారుతుంది. కాబట్టి చాలా పెద్దది తగిలిందంటే దాదాపు ఎప్పుడూ అది గుడ్లు పెట్టే తల్లే. మేము మూడు నాలుగు కిలోలది ఇంటికి తెచ్చుకుంటాం, పది దాటినది వస్తే ఫొటో తీసి వదిలేద్దామని అనుకున్నాం. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు లెండి.

ఇంటికి రాగానే రీలును మంచినీళ్ళతో మెల్లగా కడగండి, పైపు పెట్టి జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. గుడ్డతో తుడిచి, డ్రాగ్ మరను పూర్తిగా వదులు చేసి నీడన ఆరబెట్టండి. బిగించి అటకెక్కిస్తే లోపలి బిళ్ళలు అణిగిపోయి, వచ్చే ఏడాదికి కుదుపు మొదలవుతుంది. తెగిన దారం ముక్కలు ఏట్లో వదలకండి, కొంగల కాళ్ళకు చుట్టుకుంటాయి. జేబులో వేసుకుని తెచ్చి, చిన్న ముక్కలు చేసి చెత్తబుట్టలో వెయ్యండి.

సంక్రాంతికి మళ్ళీ అందరూ వస్తున్నారు. బాబాయి ఫోన్ చేసి 50 పౌండ్ల లీడర్ చుట్ట ఒకటి తెస్తున్నానన్నారు. తాతయ్య మాత్రం చేతి గాలమే అంటున్నారు.