అనుమానం లేని చోట పరీక్ష

1980లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఒక హైస్కూలు బాత్‌రూములో సిగరెట్ తాగుతూ 14 ఏళ్ల అమ్మాయి టీచరు కంటపడింది. అసలు తనకు అలవాటే లేదని ఆమె బుకాయించడంతో అసిస్టెంట్ వైస్ ప్రిన్సిపాల్ ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచాడు. సిగరెట్లు దొరికాయి. వాటితోపాటు గంజాయి చుట్టుకునే కాగితాలు కనబడ్డాయి. ఇంకా వెతికితే గంజాయే బయటపడింది. 1985లో ఈ కేసు మీద సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బడిలో సోదాకు పోలీసులకు ఉండాల్సినంత బలమైన ఆధారం అక్కర్లేదు గానీ, సహేతుకమైన అనుమానం మాత్రం ఉండాలంది. పదేళ్లకు ఆ షరతు సడలింది. ఆరెగన్ రాష్ట్రంలోని వెర్నోనియాలో ఆటల్లో చేరే ప్రతి పిల్లవాడికీ, అనుమానం ఉన్నా లేకున్నా, మూత్ర పరీక్ష చేయవచ్చని 1995లో కోర్టు ఒప్పుకుంది. 2002లో ఓక్లహోమా కేసులో 5–4 మెజారిటీతో దాన్ని బృందగానం, క్విజ్ వంటి వాటిలో చేరే పిల్లలకూ విస్తరించింది. ఇలాంటి కార్యక్రమాల్లో ఉండే పిల్లలే మత్తుకు దూరంగా ఉంటారు కదా, వాళ్లను పట్టుకుని పరీక్షించడమేమిటని జస్టిస్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతి తీర్పులో నిలదీసింది. ఈ వివాదాన్ని సాధారణంగా పిల్లల హక్కులకూ బడి క్రమశిక్షణకూ మధ్య పోరుగా చూస్తారు. నాకు ఇందులో అంతకన్నా ముందు కనిపించేది లెక్క. అనుమానం ఉండాలన్నది కోర్టులు పిల్లల మీద జాలితో పెట్టిన షరతు మాత్రమే కాదు. అది లేకపోతే పరీక్ష ఫలితానికే విలువ పడిపోతుంది.

ఎలాగంటే, బడుల్లో మొదట చేసే చవక పరీక్ష యాంటీబాడీల మీద నడుస్తుంది. మత్తు పదార్థపు అణువు ఆకారాన్ని బట్టి యాంటీబాడీ దాన్ని గుర్తుపడుతుంది. అదే ఆకారానికి దగ్గరగా ఉన్న మరొకటి వస్తే పొరబడుతుంది కూడా. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ ఒక్కోసారి యాంఫెటమిన్‌లా కనిపించేది అందుకే. గసగసాలది ఇంకో తంటా. వాటిని అంటుకుని నిజంగానే కాస్త మార్ఫిన్ ఉంటుంది. పరీక్ష అబద్ధం చెప్పదు, మనం తీసే అర్థమే తప్పవుతుంది. ఈ కారణంగానే అమెరికా ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షల్లో నల్లమందు జాతి పదార్థాల హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 1998లో 2,000కు పెంచింది. మసాలా కూరల్లో గసగసాలు నూరి వేసే మనవాళ్లు గుర్తుంచుకోదగ్గ సంగతి ఇది. ఇప్పుడు ఒక ఊహాలెక్క వేద్దాం. బడిలో వెయ్యిమంది పిల్లలు. వాళ్లలో 40 మంది వాడుతున్నారు. వాడేవాళ్లలో నూటికి 90 మందిని పరీక్ష పట్టుకుంటుంది, వాడనివాళ్లలో నూటికి అయిదుగురిని పొరబాటున పట్టిస్తుంది. దొరికే దోషులు 36 మంది, ఇరుక్కునే నిర్దోషులు 48 మంది. అదే పరీక్షను పలు బడుల నుంచి గట్టి కారణంతో ఎంచిన 200 మందికి చేశామనుకుందాం. అందులో సగం మంది వాడేవాళ్లయితే 90 మంది దోషులు దొరుకుతారు, ఇరుక్కునే నిర్దోషులు అయిదుగురే. పరికరం మారలేదు, ముందున్న అనుమానం మారింది. న్యాయమూర్తులు కోరిన సహేతుకమైన అనుమానమూ, గణాంక శాస్త్రజ్ఞులు పరీక్షకు ముందే లెక్కగట్టమనే సంభావ్యతా ఇక్కడ ఒకే చోట కలుస్తాయి.

రెండో పరీక్షతో ఈ తప్పులన్నీ దిద్దుకోవచ్చు కదా అంటారు. నిజమే. గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిపి చేసే నిర్ధారణ పరీక్ష అణువును దాదాపు తప్పు లేకుండా గుర్తిస్తుంది. గసగసాల గొడవ తీరకపోయినా, జలుబు మాత్ర గొడవ తీరుతుంది. అయితే దానికి డబ్బు కావాలి, రోజులు పడతాయి, ఆ రోజుల్లో పిల్లవాడి పేరు బడంతా పాకకుండా ఆపడం ఎవరి తరం? పైగా అది మొదటి పరీక్ష పట్టుకోని వాటిని పట్టివ్వలేదు. సాధారణ మూత్ర పరీక్షలో మద్యం కొద్ది గంటలే కనిపిస్తుంది. గంజాయి కొవ్వులో నిలవుంటుంది కాబట్టి బాగా అలవాటుపడిన వారిలో వారాల తరబడి తేలుతుంది. అంటే మామూలు పరీక్ష శనివారం రాత్రి తాగినవాణ్ణి సోమవారం వదిలేస్తుంది, గంజాయి మానేసి రెండు వారాలైనవాణ్ణి మాత్రం పట్టుకోవచ్చు. మన దేశం సంగతి చూస్తే, 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం పెద్దల్లో కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు, వైట్‌నర్, థిన్నర్ లాంటివి పీల్చడం. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. మామూలు పరీక్ష కిట్లు వెతికే జాబితాలో అవి ఉండవు.

పట్టుకోకపోయినా భయం పనిచేస్తుంది అన్నది బలమైన వాదన. దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో 722 బడుల్లోని 76,000 మంది పిల్లల సమాచారం పరిశీలిస్తే, పరీక్షలున్న బడులకూ లేని బడులకూ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కానీ అది సర్వే, ప్రయోగం కాదు. ఆరెగన్‌లో క్రీడాకారులపై రెండేళ్లు జరిగిన ప్రయోగం ఫలితాలు 2007లో వచ్చాయి. గత నెల వాడకంలో తేడా లేదు. గత సంవత్సరపు వాడకం మాత్రం నాలుగు విడతల్లో రెండుసార్లు తగ్గింది. అయితే పరీక్షలకు లోబడిన పిల్లల్లో మున్ముందు వాడకానికి దారితీసే మనోభావాలు కొన్ని పెరిగాయి. సమర్థకులకు అనుకూలంగా వచ్చింది 2010 నాటి అమెరికా ప్రభుత్వ అధ్యయనం. 36 హైస్కూళ్లను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి ఏడాది తరువాత అడిగితే, పరీక్షలకు లోబడే కార్యక్రమాల్లోని పిల్లల్లో గత నెల వాడామన్నవారు 16 శాతం, పరీక్షలు లేని చోట 22 శాతం. నూటికి ఆరుగురి తేడా చిన్నది కాదు. కానీ ఆ బడుల్లోనే మిగతా పిల్లల మీద ప్రభావం శూన్యం. ఇకముందు వాడవచ్చునన్నవారు రెండుచోట్లా మూడోవంతు దాకా ఉన్నారు. భయం పరీక్ష ఉన్నంతసేపు ఉంటుంది, ఉద్దేశం మాత్రం మారదని నేను దీన్నుంచి గ్రహిస్తున్నాను. మన కుటుంబాలు ఎన్నో స్థిరపడిన టెక్సాస్ సంగతి కూడా చెప్పాలి. హైస్కూలు క్రీడాకారులకు స్టెరాయిడ్ పరీక్షల కోసం ఆ రాష్ట్రం దాదాపు కోటి డాలర్లు వెచ్చించి, 60,000 మందికి పైగా పరీక్షించి, పట్టుకున్నది గుప్పెడు మందినే. 2015లో దానికి స్వస్తి చెప్పింది.

అనుమానం కూడా గుడ్డిది కావచ్చునన్న ఆక్షేపణకు మాత్రం పూర్తి సమాధానం నా దగ్గర లేదు. అరిజోనాలో 2003లో ఇబుప్రోఫెన్ మాత్రల కోసం 13 ఏళ్ల అమ్మాయిని లోదుస్తుల దాకా సోదా చేశారు. ఏమీ దొరకలేదు. అది రాజ్యాంగ విరుద్ధమని 2009లో సుప్రీంకోర్టు 8–1తో తేల్చేదాకా ఆమె పోరాడాల్సి వచ్చింది. పేదవాడో, అల్లరివాడో, మాస్టారికి నచ్చనివాడో ముందు అనుమానితుడవుతాడు. కాబట్టి అనుమానానికి కారణం కాగితం మీద రాయాలి, తల్లిదండ్రులకు చెప్పాలి, ఒంటి మీద చెయ్యి వేయకూడదు. ఫలితం పోలీసులకు కాకుండా డాక్టరుకు చేరాలి. మన మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ కూడా చికిత్సకు తనంతట తాను వచ్చిన బానిసకు కొన్ని కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. బడుల్లో మత్తు పరీక్షలు పనిచేస్తాయనడానికి ఆధారాలు చాలవంటూ, వాటిని విస్తృతంగా ప్రవేశపెట్టడాన్ని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2015లో వ్యతిరేకించింది. కాబట్టి మీ పిల్లల బడివాళ్లు అందరికీ మూత్ర పరీక్ష అంటూ అంగీకార పత్రం పంపిస్తే, సంతకానికి ముందు నిర్ధారణ పరీక్ష ఎవరు చేస్తారో, ఫలితం ఎవరెవరి చేతికి వెళుతుందో అడగండి, ఆ డబ్బుతో ఒక కౌన్సెలర్‌ను పెట్టమని కోరండి. ఇంట్లోనే అనుమానం ఉంటే కిట్ కొనేముందు 14446కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్.