నీళ్లలో వేస్తే పరుగెత్తే లోహం: మీ పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?



పదో తరగతిలో 'లోహాలు, అలోహాలు' పాఠం కోసం సోడియం డెమో చూపించిన రోజు, బెల్ కొట్టాక ఒక బాబు నా టేబుల్ దగ్గర ఆగాడు. "మేడమ్, బటన్ సెల్‌లో లిథియం ఉంటుందట కదా. కోసి బయటికి తీసి నీళ్లలో వేస్తే అది కూడా ఇలాగే పరుగెడుతుందా?" అని అడిగాడు. ఏదో వీడియోలో చూశాడట. పాత బొమ్మల్లోంచి తీసిన సెల్స్ నాలుగు అప్పటికే పెన్సిల్ బాక్సులో దాచిపెట్టుకున్నాడు.

ప్రశ్న చాలా మంచిది. చేయాలనుకున్న పని మాత్రం ప్రమాదం. "వద్దు" అని ఊరుకుంటే పిల్లలు మన ముందు మానేస్తారు. ఎందుకు వద్దో తెలిస్తే మనం లేనప్పుడు కూడా మానేస్తారు. అందుకే ఈ నెల ఆ 'ఎందుకు' గురించి మీతో మాట్లాడాలనుకున్నాను.

క్లాసులో మేం చేసేది

సోడియం చాకుతో కోయగలిగేంత మెత్తని లోహం. కోసిన చోట వెండిలా మెరుస్తుంది, గాలి తగిలి చూస్తుండగానే మసకబారుతుంది. గాలితోనూ తేమతోనూ అంత త్వరగా కలిసిపోతుంది కాబట్టే దాన్ని కిరోసిన్‌లో ముంచి ఉంచుతారు.

డెమో కోసం వెడల్పాటి గాజు తొట్టిలో నీళ్లు పోసి, నాలుగు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తాం. సోడియానికి అంటిన కిరోసిన్‌ను ఫిల్టర్ పేపర్‌తో అద్ది, బియ్యపు గింజంత ముక్క కోసి నీళ్లలో వదులుతాం. అది నీటికంటే కొంచెం తేలిక, కాబట్టి మునగదు. చర్య మొదలవగానే పుట్టిన వేడికి కరిగి గుండ్రటి పూసలా మారుతుంది. సోడియం కరగడానికి 98 డిగ్రీల సెల్సియస్ చాలు. అడుగున పుట్టే హైడ్రోజన్ వాయువు తోస్తుంటే ఆ పూస బుస్సుమంటూ నీటి మీద అటూ ఇటూ పరుగెడుతుంది. అది వెళ్లిన దారంతా గులాబీ రంగు పరుచుకుంటుంది. అంటే అక్కడ సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం తయారైందన్నమాట. వీటిని క్షార లోహాలు అనేది ఇందుకే.

మరి ఉప్పు ఎందుకు పేలదు?

ఇంట్లో పిల్లలు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న బహుశా ఇదే. ఉప్పులోనూ సోడియం ఉంది, దాన్ని రోజూ నీళ్లలో వేస్తూనే ఉన్నాం కదా!

సోడియం పరమాణువు చివరి కక్ష్యలో ఒకే ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది. దాన్ని వదిలించుకోవడానికి అది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నీళ్లు కనిపిస్తే నీళ్లకిచ్చేస్తుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే వేడి, హైడ్రోజన్ పుడతాయి. ఉప్పులో ఉన్న సోడియం ఆ ఎలక్ట్రాన్‌ను ఎప్పుడో క్లోరిన్‌కి ఇచ్చేసింది. ఇక ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు, కాబట్టి ప్రశాంతంగా కరిగిపోతుంది. ప్రకృతిలో సోడియం లోహంగా దొరకకపోవడానికి కారణం కూడా ఇదే. 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ కరెంటు ప్రవహింపజేసి పొటాషియాన్ని, కొద్ది రోజుల తేడాతో సోడియాన్ని మొదటిసారి విడదీసేదాకా వాటిని ఎవరూ లోహాలుగా చూడలేదు.

ఈ కుటుంబంలో లిథియం పెద్దది. దాని తర్వాత సోడియం, పొటాషియం, రుబీడియం, సీసియం. కిందికి వెళ్లేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది, చివరి ఎలక్ట్రాన్ మీద పట్టు సడలుతుంది. లిథియం నీళ్లలో నెమ్మదిగా బుడగలు వదులుతుంది. పొటాషియం వేసీ వేయగానే లేత ఊదా రంగు మంటతో అంటుకుంటుంది. రుబీడియం, సీసియం నీటిని తాకగానే పేలతాయి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఒక్కో పరమాణువు లెక్కన చూస్తే నీటితో కలిసినప్పుడు ఎక్కువ వేడినిచ్చేది సోడియం కాదు, లిథియమే! కానీ అది కరగాలంటే 180 డిగ్రీలు కావాలి, అందుకని గట్టి ముక్కగానే ఉండి నింపాదిగా పని చేస్తుంది. మొద్దు కట్టె గంటసేపు కాలుతుంది, అదే కట్టెను పేళ్లుగా చీల్చి వేస్తే నిమిషాల్లో భగ్గుమంటుంది కదా. వేడి మొత్తం ఎంత అన్నదానికంటే ఎంత త్వరగా వస్తుందన్నదే ప్రమాదాన్ని నిర్ణయిస్తుంది.

నేను చేసిన పొరపాటు

బి.ఎడ్. టీచింగ్ ప్రాక్టీస్‌లో ఉన్నప్పుడు వేరే ఊరి స్కూల్లో ఈ డెమో మొదటిసారి చేశాను. వెనక బెంచీ వాళ్లకీ బాగా కనబడాలని శనగగింజంత ముక్క కోశాను. తొట్టి లేక బీకరు వాడాను. ముక్క బీకరు అంచుకి అంటుకుని అక్కడే ఆగిపోయింది. ఒక చోటే వేడి పేరుకుని పసుపు మంట లేచింది. అది ఆరిపోగానే "అయిపోయింది" అన్నాను. పిల్లలు ముందుకు వంగారు. సరిగ్గా అప్పుడే టప్ మని చివరి బొట్టు చిట్లింది. బీకరు పగిలింది. ముందు వరుసలో ఒక పాప కళ్లద్దాల మీద తెల్లటి చుక్క పడింది.

ఆ పాపకి సైట్ ఉంది కాబట్టి కళ్లద్దాలు ఉన్నాయి. లేకపోతే ఆ చుక్క పడేది కంట్లో. ఆ చుక్క కాస్టిక్ సోడా. ఆ రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

తర్వాత కూర్చుని చదివితే నా తప్పులు ఒక్కొక్కటిగా తెలిశాయి. చిన్న ముక్క తన వేడిని చుట్టూ ఉన్న నీళ్లకి వెంటవెంటనే ఇచ్చేస్తుంది. పెద్ద ముక్కలో వేడి లోపలే నిలిచి, హైడ్రోజన్ అంటుకునేదాకా పోతుంది. చివర్లో మిగిలే వేడి హైడ్రాక్సైడ్ బొట్టు కూడా చిట్లుతుంది, అంతా అయిపోయిందనుకునే క్షణంలోనే.

అసలు పేలుడు ఎలా మొదలవుతుందో శాస్త్రవేత్తలకే చాలాకాలం పూర్తిగా అంతుపట్టలేదు. బాగా కాలిన దోసె పెనం మీద నీటిచుక్క అంటకుండా దొర్లుతుంది కదా, మధ్యలో ఆవిరి పొర అడ్డు ఉంటుంది కాబట్టి. అలాగే లోహం చుట్టూ ఆవిరి, హైడ్రోజన్ కమ్ముకుంటే చర్య నెమ్మదించాలి. మరి పేలుతుందేం? 2015లో ప్రాగ్ నగరంలో పావెల్ యుంగ్విర్త్ బృందం హైస్పీడ్ కెమెరాతో చూసి జవాబు చెప్పింది. నీటిని తాకిన వెంటనే, సెకనులో వెయ్యో వంతు కూడా గడవకముందే, లోహపు బొట్టు నుంచి ఎలక్ట్రాన్లు నీళ్లలోకి దూకేస్తాయి. మిగిలిన లోహమంతా ధనావేశమే. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బొట్టు ముళ్లముళ్లుగా చీలిపోతుంది. ప్రతి ముల్లూ కొత్తగా నీటిని తాకుతుంది. ఇంత వేగంగా జరిగేదాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకునే టైమ్ ఎవరికీ ఉండదు.

అందుకే ఇప్పుడు నా డెమోలో ముక్క బియ్యపు గింజ దాటదు. వెడల్పాటి తొట్టి, ముందు పారదర్శక షీటు, నాకు సేఫ్టీ గ్లాసెస్, పక్కన పొడి ఇసుక బకెట్ ఉంటాయి. ముందు రెండు బెంచీలు ఖాళీ. చివరి 'టప్' అయ్యి నేను చెప్పేదాకా ఎవరూ దగ్గరికి రారు.

ఇంట్లో మీరు చూసుకోవలసినవి

బటన్ సెల్స్‌లో చాలావాటిలో నిజంగానే లిథియం లోహం ఉంటుంది. కోసేటప్పుడు షార్ట్ సర్క్యూట్ అయితే చేతిలోనే వేడెక్కి అంటుకోవచ్చు. ఫోన్ బ్యాటరీ పొడిచినా, వంచినా ఇంకా ప్రమాదం. వాడేసిన సెల్స్‌కి టేప్ చుట్టి పిల్లలకి అందకుండా పెట్టండి. ఆన్‌లైన్‌లో కెమికల్స్ ఆర్డర్ చేయమంటే ముందు మాతో ఒక మాట చెప్పండి. ఎప్పుడైనా కంట్లో క్షారం పడితే కనీసం పావుగంట పాటు ధారగా నీళ్లతో కడుగుతూ, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆసక్తిని మాత్రం ఆపకండి. పప్పు పొంగి స్టవ్ మీద పడినప్పుడు నీలి మంట పసుపు రంగుకి మారుతుంది. పిల్లల్ని పిలిచి చూపించండి, అది ఉప్పులోని సోడియం రంగు. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో మీరు చిటికెడు సున్నం వేస్తే ఎర్రగా మారతాయి కదా, మా తొట్టిలో నీళ్లు గులాబీ రంగుకి మారేదీ అదే కారణంతో. రెండు చోట్లా రంగు మార్చేది క్షారమే.

పెన్సిల్ బాక్సు బాబు నాలుగు సెల్స్ తెచ్చి నాకిచ్చేశాడు. వచ్చే డెమోలో ఇసుక బకెట్ దగ్గర నిలబడే డ్యూటీ తనదే.

పీటీఎంకి వచ్చినప్పుడు మీ పిల్లలు అడిగిన ప్రశ్నలు కూడా తీసుకురండి. మార్కుల షీటు చూసుకున్నాక వాటి గురించి మాట్లాడుకుందాం.

మీ
ఫిజికల్ సైన్స్ టీచర్